చేపల వేట కయాక్‌కు ట్రైలర్: అమరికలో మెలకువలు

నలభై కిలోల బరువును ఇద్దరు మనుషులు పెద్ద కష్టం లేకుండా మోయగలరు. అదే బరువు పన్నెండు అడుగుల పొడవున ఉండి, కారు పైకప్పు ఎత్తుకు లేపవలసి వచ్చి, అదీ ఎండలో గంటల తరబడి వేట సాగించి అలసిన మనిషి ఒక్కడే లేపవలసి వస్తే లెక్క మారిపోతుంది. చేపల వేటకు కయాక్ వాడేవారు కొంతకాలానికి ట్రైలర్ వైపు మొగ్గడానికి ప్రధాన కారణం ఇదే.

కయాక్ అంటే ఒకరు కూర్చుని రెండు వైపులా రేకులున్న తెడ్డుతో నడుపుకొనే సన్నని పడవ. వేటకు ఉద్దేశించిన రకం మామూలు కయాక్ కంటే వెడల్పుగా, నిలకడగా ఉంటుంది. సాధారణంగా మూడు నుంచి నాలుగు మీటర్ల పొడవు, ముప్పావు మీటరుకు పైగా వెడల్పు, 25 నుంచి 55 కిలోల బరువు. చాలావరకు పాలిథిలిన్ ప్లాస్టిక్‌ను అచ్చులో కరిగించి పోతపోసినవే. ఈ ప్లాస్టిక్ రాళ్లకు, ఇసుకకు తట్టుకుంటుంది గానీ వేడికి మెత్తబడుతుంది. ట్రైలర్ అమరికలో సగం జాగ్రత్తలు ఈ ఒక్క గుణం వల్ల పుట్టినవే.

పడవను నేలమీద ఎలా తరలించాలన్నది కోస్తా తెలుగువారికి కొత్త ప్రశ్న కాదు. ఖరగ్‌పూర్‌లో, అందులోని ఖరిదా వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకం బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఉపాధికి వచ్చినవారి సంతతి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషా హోదా కల్పించాలని నిర్ణయించినప్పుడు ముఖ్యంగా ప్రస్తావనకు వచ్చిన పట్టణం ఇదే. ఆ కుటుంబాలు విడిచి వచ్చిన తీరంలో మత్స్యకారుల ప్రధాన వాహనం తెప్ప. తేలికపాటి కలప దుంగలను మోకులతో కట్టి సముద్రంలోకి దింపేవారు. వేట ముగిశాక కట్లు విప్పి, దుంగలను విడివిడిగా భుజాన వేసుకుని ఒడ్డుకు చేర్చి ఆరబెట్టేవారు. నీరు పీల్చిన దుంగ బరువెక్కుతుంది కాబట్టి ఆరబెట్టడం తప్పనిసరి. మోయడం ఎలాగన్న ప్రశ్నకు సమాధానం ఆ పడవ నిర్మాణంలోనే ఉండేది.

ఫైబర్ పడవలు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. వేగం, భద్రత పెరిగాయి. అయితే విడదీయడానికి వీలులేని బరువు ఇసుక మీద మిగిలింది. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చేపట్టిన బంగాళాఖాత కార్యక్రమం, అలలను దాటి నేరుగా ఇసుకపైకి చేరగల పడవల నమూనాలపై ఏళ్ల తరబడి పనిచేసింది. నేటికీ ఉత్తరాంధ్ర తీరంలోనూ, తెలుగు మత్స్యకారులు నివసించే పూరీలోని పెంఠకటలోనూ పదిమంది చేయి వేస్తేనో, ట్రాక్టరు వస్తేనో పడవ కదులుతుంది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున ఈ తేడా ఎంతో స్పష్టంగా తెలుస్తుంది. 2018 అక్టోబరులో శ్రీకాకుళం తీరాన్ని తాకిన తిత్లీ, 2019 మే 3న పూరీ వద్ద తీరం దాటిన ఫణి, 2021 మే 26న బాలేశ్వర్ సమీపంలో తీరం దాటి దిఘాను ముంచెత్తిన యాస్, ఇవన్నీ ఒడ్డున ఉన్న పడవలకు పరీక్షలే. కయాక్ చిన్నది. చక్రాల మీద ఉంటే ఒక్క మనిషి అరగంటలో లోతట్టుకు తరలించగలడు.

బరువు ఎక్కడ ఉండాలి

ట్రైలర్ ఎంత బరువు మోయగలదన్నదే కొనేవారు మొదట అడిగే ప్రశ్న. రెండు కయాక్‌ల విషయంలో అది దాదాపు అనవసరమైన ప్రశ్న. అతి చిన్న ట్రైలర్ కూడా వాటిని మోస్తుంది. ఆ బరువు ఇరుసుకు ముందు ఎంత ఉంది, వెనుక ఎంత ఉంది అన్నదే అసలు ప్రశ్న. వెనుక బరువు ఎక్కువైతే ట్రైలర్ ముక్కు పైకి లేస్తుంది, కారు వెనుక చక్రాల పట్టు తగ్గుతుంది, వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ తోక ఆడించినట్లు అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ఆ ఊపు ఒక హద్దు దాటితే కారును కూడా తనతో లాక్కుపోతుంది. మొత్తం బరువులో సుమారు పది శాతం కారు హుక్కుపై పడేలా చూడాలన్నది చిన్న ట్రైలర్లకు పాటించదగిన కొలత.

ఒక ఉదాహరణ చూడవచ్చు. ట్రైలర్ బరువు 120 కిలోలు, రెండు కయాక్‌లు కలిపి 80, తెడ్లు, లైఫ్ జాకెట్లు, ఐసు పెట్టె వగైరా 30, మొత్తం 230 కిలోలు అనుకుందాం. హుక్కుపై 23 కిలోలు పడాలి. హుక్కు నుంచి ఇరుసు వరకు మూడు మీటర్లు ఉంటే, మొత్తం బరువు కేంద్రం ఇరుసుకు ముప్పై సెంటీమీటర్లు ముందుండాలి. ఇప్పుడు కట్టడానికి వీలుగా ఉందని కయాక్‌లను అరవై సెంటీమీటర్లు వెనక్కి జరిపితే హుక్కుపై భారం 16 కిలోలు తగ్గి ఏడు కిలోలకు పడిపోతుంది. చూపుకు ఏ తేడా కనిపించదు. జాతీయ రహదారిపై లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడే ఆ తేడా బయటపడుతుంది.

దీన్ని కొలవడానికి ప్రత్యేక పరికరం అవసరం లేదు. ఇంట్లో మనుషులు తూగే కాటాను ఇటుకలపై హుక్కు ఎత్తుకు పెట్టి, సరుకంతా ఎక్కించిన ట్రైలర్ ముక్కును దానిపై ఆనిస్తే సరిపోతుంది. అంకె తక్కువ వస్తే కయాక్‌లను ముందుకు జరపాలి, లేదా ఐసు పెట్టెను ఇరుసుకు ముందు భాగంలో పెట్టాలి. సరైన స్థానం కుదిరాక అడ్డపట్టీలపై రంగుతో గుర్తు వేసుకుంటే ప్రతిసారీ తూచే పని ఉండదు.

ఊపు ఎంత జాగ్రత్తపడినా ఎప్పుడో ఒకసారి రావచ్చు. అప్పుడు స్టీరింగును గట్టిగా తిప్పకూడదు, బ్రేకును ఒక్కసారిగా తొక్కకూడదు, వేగం పెంచి తప్పించుకోవాలని అసలే చూడకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, స్టీరింగును నిలకడగా పట్టుకుని, బండి తనంతట తాను నెమ్మదించేలా చేయాలి.

పొడవు, కమాన్లు, ఆనుడు పట్టీలు

సామాన్లకు తయారైన చిన్న ట్రైలర్‌ను కయాక్‌లకు వాడినప్పుడు రెండు లోపాలు కనిపిస్తాయి. మొదటిది, ముందుకు పొడుచుకు వచ్చే డ్రాబార్ పొట్టిగా ఉండడం. నాలుగు మీటర్ల కయాక్ ముక్కు కారు వెనుక అద్దానికి దగ్గరగా వస్తుంది. వంకర మలుపులోనో, వెనక్కి నడిపేటప్పుడో తగులుతుంది. డిక్కీ తెరవడానికీ చోటుండదు. డ్రాబార్ పొడవుగా ఉంటే ఈ ఇబ్బందులు తీరడమే కాక ట్రైలర్ నిలకడగా నడుస్తుంది. రివర్సులో నడపడం కూడా సులువు. పొట్టి ట్రైలర్ స్టీరింగు కాస్త కదిలినా చటుక్కున అడ్డం తిరుగుతుంది.

రెండోది కమాన్లు. ఏడెనిమిది వందల కిలోల కోసం పేర్చిన కమాను పట్టీలు వంద కిలోల బరువుకు వంగనే వంగవు. గతుకుపై చక్రం ఎగిరితే కయాక్ కూడా ఎగిరిపడుతుంది. తేలిక సరుకును గట్టి కమాన్లపై మోయడమే చాలా పడవల అడుగుభాగం చీలడానికి కారణం. కొన్ని పట్టీలు తీయించడం ఒక మార్గం. ఇరుసును పట్టి ఉంచే ప్రధాన పట్టీని మాత్రం ముట్టుకోకూడదు. ఈ పనిని లారీ కమాన్ల మేస్త్రీకి అప్పగించడమే మేలు. తయారీదారు అనుమతించే మేరకు టైర్లలో గాలి తగ్గించడం మరో మార్గం.

కయాక్ నీటిలో ఉన్నప్పుడు దాని బరువును అడుగుభాగమంతా పంచుకుంటుంది. ట్రైలర్ మీద అదే బరువు రెండు అడ్డపట్టీలపై పడుతుంది. సన్నని ఇనుప గొట్టంపై నేరుగా ఆనిస్తే ఎండకు మెత్తబడిన ప్లాస్టిక్ సొట్టపోతుంది. కాబట్టి ఆనుడు వెడల్పుగా ఉండాలి. చెక్క పలకలకు పాత తివాచీ ముక్కలు చుట్టి, పడవ పొడవునా సమాంతరంగా అమర్చడం చవకైన, మంచి పద్ధతి. అడ్డపట్టీల మధ్య దూరం పడవ పొడవులో దాదాపు సగం ఉంటే బరువు సమంగా పంచుకుంటుంది. చోటు చాలకపోతే కయాక్‌లను పక్కవాటుగా నిలబెట్టి నడుమ ఒక నిలువు ఊచకు కట్టవచ్చు. పక్క అంచు అడుగుభాగం కంటే గట్టిది కనుక దూర ప్రయాణాలకు ఇదే నయం.

కట్టడానికి బకిలుతో చేత్తో లాగి బిగించే నైలాన్ పట్టీలు చాలు. లారీలకు వాడే రాట్చెట్ పట్టీ బలం ఇక్కడ అనర్థం. మనిషికి తెలియకుండానే పడవను నలిపేస్తుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బిగించిన పట్టీ మధ్యాహ్నానికి సడలుతుంది కూడా. పట్టీకి ఒక మెలిక వేస్తే గాలికి ఝుమ్మని మోగదు. పట్టీలు ఎంత బాగున్నా ముక్కుకూ తోకకూ వేరుగా తాళ్లు ఉండవలసిందే. అవి పడవ ముందుకో వెనక్కో జారకుండా ఆపుతాయి. పైన చెప్పిన లెక్కలో అరవై సెంటీమీటర్ల జారుడు ఏం చేస్తుందో గుర్తుంచుకోవాలి.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలర్ కూడా నమోదు చేయించవలసిన వాహనమే. సెక్షన్ 61 ప్రకారం దానికి సొంత నంబరు ఉండాలి, లాగే బండి నంబరు కూడా దానిపై కనిపించాలి. సెక్షన్ 52 నమోదు పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. రైల్వే వర్క్‌షాపు నీడలో పెరిగిన పట్టణంలో మంచి ఫిట్టర్లకు, వెల్డర్లకు కొదవ లేదు. డ్రాబార్‌ను అడుగున్నర పొడిగించడం వారికి ఒక పూట పని. కానీ చట్టం దృష్టిలో అది వేరే వాహనం అవుతుంది. ఇంట్లో తయారుచేయించిన ట్రైలర్‌కు నమోదు దొరకడం కూడా కష్టమే. ఇనుము కొనడానికి ముందే రవాణా కార్యాలయంలో విచారించాలి. పొడవైన డ్రాబార్ కావాలని తయారీదారునే కోరి, అదే కొలతతో నమోదు చేయించుకోవడం అన్నింటికంటే సురక్షితం. ఆనుడు పలకలు, నిలువు ఊచ వంటివి బోల్టులతో బిగించి, విప్పదగినట్లు ఉంచుకోవాలి.

2019 సవరణతో వచ్చిన సెక్షన్ 194(1ఎ) మరో ముఖ్యాంశం. అనుమతించిన హద్దు దాటి సరుకు పక్కకు గానీ, ముందుకు, వెనక్కు గానీ పొడుచుకు వస్తే జరిమానా 20,000 రూపాయలు. పొడవైన కయాక్‌కు పొట్టి ట్రైలర్ ఎంచుకుని మిగిల్చిన సొమ్ము ఒక్క తనిఖీతో పోతుంది. వెనుక దీపాలు, బ్రేకు దీపాలు, ఇండికేటర్లు కారుతో పాటే వెలగాలి. తోకకు ఎర్రగుడ్డ, రాత్రివేళ ఎర్ర రిఫ్లెక్టరు కట్టాలి. హుక్కు ఊడినా ట్రైలర్ విడిపోకుండా రెండు గొలుసులు డ్రాబార్ కింద ఒకదానిమీదుగా ఒకటి అడ్డంగా వేసి కట్టాలి. అప్పుడు ముక్కు రోడ్డుకు గుచ్చుకోకుండా వాటి మీద ఆగుతుంది. కారు ఎంత బరువు లాగవచ్చో దాని మాన్యువల్‌లో చూసి, బీమా సంస్థకు కూడా తెలియజేయాలి.

ఉప్పునీరు

ఖరగ్‌పూర్ నుంచి దిఘాకు వెళ్లేవారు 16వ జాతీయ రహదారిపై బెల్దా వరకు వచ్చి, అక్కడ ఎడమకు ఎగ్రా వైపు మళ్లుతారు. బయలుదేరిన పదిహేను ఇరవై కిలోమీటర్లకు ఒకసారి ఆగి పట్టీలు బిగించి, చక్రాల మధ్య భాగాన్ని చేత్తో తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి ఆనించలేనంత కాలుతుంటే బేరింగులో గ్రీజు అయిపోయిందనో, అది మరీ బిగుసుకుందనో అర్థం. చిన్న చక్రాలు పెద్దవాటికంటే వేగంగా తిరుగుతాయి కనుక వాటి బేరింగులు త్వరగా అరుగుతాయి.

పెద్ద పడవలను దింపడానికి ట్రైలర్‌ను నీళ్లలోకి తోస్తారు. కయాక్‌కు ఆ అవసరమే లేదు. వేడెక్కిన చక్రం ఒక్కసారిగా నీటిలో మునిగితే లోపలి గాలి చల్లబడి కుదించుకుని, ఉప్పునీటిని బేరింగులోకి లాగుతుంది. తడి ఇసుకకు ముందే ట్రైలర్‌ను ఆపి, కయాక్‌ను చేతులతోనో, చిన్న చేతిబండిపైనో తీసుకుపోవాలి. తిరిగి వచ్చిన రోజే మంచినీటితో ట్రైలర్‌ను, పట్టీల బకిళ్లను కడగాలి. దీపాల తీగల అతుకులకు గ్రీజు పూయాలి. వర్షాకాలంలో ట్రైలర్ ఆరుబయట ఉండేటట్లయితే కయాక్‌ను బోర్లించి, నీడలో, పట్టీలు వదులుచేసి ఉంచాలి. తుపాను సూచన ఉన్నప్పుడు మాత్రం ఖాళీ కయాక్‌ను ట్రైలర్‌కూ, ట్రైలర్‌ను నేలలో పాతిన గుంజకూ కట్టాలి. నలభై కిలోల పడవను గాలి సులభంగా ఎగరగొడుతుంది.