కొబ్బరితోటలో బరకం ట్యాంకా? నీళ్లు పెట్టే ముందు కింద నేల చూసుకోండి!

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో పెరట్లోనో, కొబ్బరితోటలోనో బయోఫ్లాక్ చేపల ట్యాంకు వేసుకోవాలనుకునేవారు ముందు చూడాల్సింది బరకం మందం కాదు, దాని కింది నేల. అడుగు సరిగా లేకపోతే ఎంత ఖరీదైన బరకమైనా చిరుగుతుంది. రాత్రిపూట నీళ్లు పోయాయంటే తెల్లారేసరికి చేపలు దక్కవు.

బరువు ఎంత?
4 మీటర్ల వెడల్పున్న గుండ్రటి ట్యాంకులో మీటరు లోతు నీళ్లు పెడితే సుమారు 12,500 లీటర్లు. అంటే పన్నెండున్నర టన్నులు! ప్రతి చదరపు మీటరు నేలపై టన్ను బరువు పడుతుంది. ఆ బరువుకి చిన్న గులకరాయి, కొబ్బరి చిప్ప ముక్క కూడా బరకాన్ని పొడిచేస్తాయి.

ఇలా చదును చేయండి
* కొబ్బరి మోడు, వేర్లు పూర్తిగా తవ్వి తీయాలి. లోపల వదిలేస్తే కుళ్లి, నేల గుంటపడుతుంది. డొక్కలు, కొబ్బరి పొట్టు మెత్తగా ఉన్నాయని కింద పరచొద్దు. అవీ అంతే.
* తుంగ గడ్డలు ఏరేయాలి. దాని మొలక సూదిలా బరకాన్ని చీల్చుకుని వస్తుంది.
* పల్లంలో మట్టి పోయడం కన్నా మెరక చెక్కడమే మేలు. పోసిన మట్టి తర్వాత దిగిపోతుంది. వానాకాలం నీరు నిలిచే చోటైతే ఎత్తు చేయక తప్పదు. అప్పుడు మట్టిని పలుచటి పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి.
* తాపీమేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో చుట్టూ మట్టం చూడాలి. మధ్యలో డ్రైన్ పైపు ఉంటే అడుగు అన్నివైపుల నుంచీ ఒకేలా వాలుండాలి. ఫ్రేము నిలబడే అంచు మాత్రం సమంగా ఉండాలి.
* ఎలుక, పీత బొరియలు తవ్వి పూడ్చాలి.

పైన ఏం వేయాలి?
జల్లెడ పట్టిన ఇసుక రెండు అంగుళాలు పరిచి, దానిపై జియోటెక్స్‌టైల్ గుడ్డ వేస్తే మంచిది. అంత ఖర్చు వద్దనుకుంటే పాత ఫ్లెక్సీలు రెండు వరసలు వేయొచ్చు. వాటి ఇనుప రింగులు కత్తిరించడం మర్చిపోవద్దు. సముద్రపు ఇసుక వద్దు, అందులో గవ్వలు, ఆల్చిప్పల ముక్కలుంటాయి.

చివరి పరీక్ష
ముందు అడుగు లోతే నింపి, అంచుల దగ్గర నాలుగు వైపులా స్కేలు పెట్టి కొలవండి. అంగుళానికి మించి తేడా ఉంటే నీళ్లు తీసేసి మళ్లీ సరిచేయాలి. ఒకరోజు పని పోతుంది అంతే. చేపలు వేశాక బయటపడితే పంటే పోతుంది.