గొంతు వదులుకున్నవాడు

ఆ సీడీ మీద నల్ల మార్కరుతో రాసి ఉన్నది ఇంతే: 'డెత్ 8'. బేగంపేట ప్రకాశ్‌నగర్‌లో మేం నలుగురం కలిసి అద్దెకున్న మేడమీది గదిలో, ట్రంకుపెట్టె మీద నిలబెట్టిన కంప్యూటర్‌లో దాన్ని మొదటిసారి విన్నాను. పగలంతా అమీర్‌పేటలో జావా క్లాసులు, రాత్రయితే ఆ కంప్యూటరు. విమానాలు అప్పటికింకా శంషాబాద్ వెళ్ళిపోలేదు. ఒక్కోటి దిగుతుంటే కిటికీ అద్దాలు గలగలమనేవి, పాట మునిగిపోయేది. మళ్ళీ వెనక్కి జరిపి వినేవాళ్ళం.

"ఇందులో అరుపు లేదేందన్నా?" అని అడిగాను. ఆ గదికి ఈ మెటల్ సంగీతం తెచ్చిపెట్టినవాడు నాకంటే మూడేళ్ళు పెద్ద. కాసేపు ఊరుకుని, "మారిండేమోరా. మనుషులు మారరా?" అన్నాడు.

డెత్ అనే బృందానికి ఆల్బమ్‌లు ఏడే. ఎనిమిదోది లేదు. మేం విన్నది కంట్రోల్ డినైడ్ అనే మరో బృందం 1999 నవంబరు చివర్లో తెచ్చిన 'ది ఫ్రజైల్ ఆర్ట్ ఆఫ్ ఎగ్జిస్టెన్స్'. రెండింటినీ నడిపినవాడు ఒక్కడే, చక్ షుల్డినర్. ఆ సంగతి నాకు తెలిసేనాటికి ఆయన పోయి ఏళ్ళయింది. సొంత పేరైనా దక్కకుండా చేతులు మారుతూ మా గదిదాకా వచ్చిన ఆల్బమ్ అది. దాని పేరు దానికి తిరిగి ఇవ్వాలని ఎన్నాళ్ళనుంచో నా కోరిక.

చక్ 1967 మే 13న న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో పుట్టాడు, పెరిగింది ఫ్లోరిడాలో. తొమ్మిదేళ్ళప్పుడు పదహారేళ్ళ అన్న ఫ్రాంక్ కారు ప్రమాదంలో పోయాడు. పిల్లవాడి దిగులు మళ్ళించాలని అమ్మానాన్నలు గిటార్ కొనిచ్చి పాఠాలకు పంపారు. నచ్చలేదు, మానేశాడు. కొన్నాళ్ళకు ఎవరింటి ముందో పాత సామాన్లు అమ్మకానికి పెట్టినచోట ఒక ఎలక్ట్రిక్ గిటార్ కనబడింది. అదీ కొన్నారు. ఈసారి పిల్లవాడు దాన్ని వదల్లేదు. 1983లో, పదహారేళ్ళకే, మాంటాస్ అనే బృందం కట్టాడు. అదే తర్వాత డెత్ అయింది. అన్న చావుకు ఏదో ఒక అర్థం చెప్పుకోవడానికే ఆ పేరు పెట్టుకున్నాడంటారు.

1987లో వచ్చిన మొదటి ఆల్బమ్ 'స్క్రీమ్ బ్లడీ గోర్' నిండా శవాలు, నెత్తురు. ఆ పాటలు పాడిన గొంతును గ్రౌల్ అంటారు, పొట్టలోంచి పెళ్ళగించుకొచ్చినట్టుండే బొంగురు అరుపు. ఆ గొంతుకే లోకమంతా అభిమానులు పుట్టారు. చక్‌ను డెత్ మెటల్‌కు తండ్రి అన్నారు. ఆయన మాత్రం ఒక్కో ఆల్బమ్‌కు ఒక్కో మెట్టు ఆ శవాల గుట్ట దిగుతూ వచ్చాడు. 1991 నాటి 'హ్యూమన్', 1995 నాటి 'సింబాలిక్' వినండి. నెత్తురు లేదు. నమ్మకద్రోహం ఉంది, పోయిన బాల్యం ఉంది, తనను తాను నిలదీసుకునే మనిషి ఉన్నాడు. గొంతు ఒక్కటే పాతది.

చివరికి ఆ గొంతునూ వదిలేయాలనుకున్నాడు. 'సింబాలిక్' తర్వాత డెత్‌ను పక్కనపెట్టి కంట్రోల్ డినైడ్ మొదలుపెట్టాడు. రాగం పలికే గాయకుణ్ణి ముందు నిలబెట్టి, తాను వెనక గిటార్‌తో ఉండిపోవాలని ఆశ. చిన్నప్పుడు తాను ప్రేమించిన హెవీ మెటల్ అలాంటిదే మరి. రికార్డు కంపెనీ ఒప్పుకుంది గానీ, ముందు ఇంకొక్క డెత్ ఆల్బమ్ కావాలంది. అలా 1998లో 'ది సౌండ్ ఆఫ్ పర్సెవరెన్స్' వచ్చింది. కంట్రోల్ డినైడ్ కోసం కట్టుకున్న బాణీలు కొన్ని అందులోకి వెళ్ళిపోయాయి. దాంట్లో చివరి పాట జూడాస్ ప్రీస్ట్ వాళ్ళ 'పెయిన్‌కిల్లర్'. చక్ తన గొంతును పైస్థాయికి తోసి, చీలిపోయేదాకా పాడాడు. అది డెత్‌కు ఆయన చెప్పిన వీడ్కోలని నాకు అనిపిస్తుంది.

ఆ తర్వాతే అసలు ఆల్బమ్. టాంపాలోని మోరిసౌండ్ స్టూడియోలో, జిమ్ మోరిస్ చేతుల మీదుగా రికార్డయింది. గిటార్‌లో తోడు షానన్ హామ్, డ్రమ్స్ రిచర్డ్ క్రిస్టీ, గాత్రం టిమ్ ఐమర్. బాస్ వాయించిన స్టీవ్ డిజార్జియో గురించి ఒక మాట చెప్పాలి. ఆయన బాస్‌కు మెట్లు లేవు. వీణకూ గోటువాద్యానికీ ఉన్న తేడా తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. స్వరం మీద ఆగదు, స్వరంలోంచి స్వరంలోకి జారుతుంది. ఇనుప గోడల్లాంటి గిటార్ రిఫ్‌ల కింద ఆ జారుడు వింటుంటే, పైన ఎవరో గట్టిగా వాదిస్తుంటే కింద ఇంకెవరో నిశ్శబ్దంగా ఏడుస్తున్నట్టుంటుంది. మొత్తం ఎనిమిది పాటలు. ఆల్బమ్ పేరే పెట్టుకున్న చివరి పాట తొమ్మిది నిమిషాలు దాటుతుంది. యాభై నిమిషాల ఆ ఆల్బమ్‌లో చక్ నోరు విప్పడు. మాటలు ఆయనవి, పలికేది ఐమర్.

డెత్ అభిమానులు అరుపు కోసం వెతికి పక్కన పెట్టారు. రాగం కోరుకునేవాళ్ళు డెత్ మనిషి పాటలని దగ్గరికే రాలేదు. ఊరూరా తిరిగి వినిపించి ఉంటే నిలబడేదేమో. అందుకు ఆయనకు వ్యవధి దొరకలేదు.

1999లో మెడ నొప్పి మొదలైంది. నరం పట్టేసిందనుకున్నాడు. మసాజ్ చేయించుకున్నాడు, సూదుల వైద్యం చేయించుకున్నాడు. చివరికి ఎంఆర్ఐ తీస్తే మెదడు కాండంలో కణితి. ఆ సంగతి తెలిసిన రోజు మే 13. ముప్ఫైరెండో పుట్టినరోజు. మనిషి ఉనికి ఎంత పెళుసైన విద్యో చెప్పే ఆల్బమ్ ఆ తర్వాత ఆరు నెలలకు బయటికొచ్చింది. అందులో కొన్ని పాటలు జబ్బు బయటపడక ముందే డెమోలుగా ఉన్నాయి. అందుకే దాన్ని రోగి రాసిన వీలునామాలా వినొద్దని నా మనవి. అది ఆరోగ్యంగా ఉన్నవాడు కన్న కల.

పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి గేటు ముందు ఒక దృశ్యం రోజూ కనబడుతుంది. పెద్ద కవరు విప్పి, స్కాన్ ఫిల్మును ఎండకేసి పట్టుకుని చూస్తుంటారు మనుషులు. అందులో ఏముందో వాళ్ళకు తెలియదు. అయినా చూస్తారు. పక్కన నిలబడ్డవాడు ఫోన్‌లో డబ్బు సంగతి మాట్లాడుతుంటాడు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా నాకు చక్ తల్లి జేన్ గుర్తొస్తుంది. అమెరికా కదా, అక్కడ అన్నీ జరిగిపోతాయనుకుంటాం. 2000 జనవరిలో ఆపరేషన్ చేశారు. ఖర్చు 70 వేల డాలర్లకు తక్కువ కాదన్నారు. ఆపరేషన్ తర్వాత చక్ బీమా తీసుకున్నాడు. 2001లో కణితి తిరగబెట్టేసరికి, ఈ జబ్బు పాలసీకి ముందునుంచీ ఉన్నదే కదా అని బీమా కంపెనీ చేతులెత్తేసింది. బీమా లేనివాళ్ళు వెంటనే తీసుకోండని ఆ తల్లి లోకానికి విజ్ఞప్తి చేసింది. కోర్న్, మార్లిన్ మాన్సన్, రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ లాంటివాళ్ళు తమ వస్తువులు వేలం వేసి డబ్బు కూడబెట్టారు. మన ఊళ్ళలో ఎకరం అమ్మడం ఎలాగో అక్కడ అది అలాగ.

కీమోథెరపీ ఒంటిని పీల్చేసింది. దానిపైన న్యుమోనియా. 2001 డిసెంబరు 13న చక్ పోయాడు. ముప్ఫైనాలుగేళ్ళు. ఆ జబ్బులోనే రెండో ఆల్బమ్‌కు పని చేస్తూ వచ్చాడు. 'వెన్ మ్యాన్ అండ్ మెషీన్ కొలైడ్' అని పేరు కూడా పెట్టుకున్నాడు. అది ముక్కలుగానే ఉండిపోయింది. ఆయన పోయాక ఆ ముక్కల మీద హక్కుల గొడవలు నడిచాయి. ఆయన తన మాటలు అప్పగించిన గొంతు, టిమ్ ఐమర్, 2023లో పోయాడు.

చక్ వేసిన మొదటి బాట మన ఊరిదాకా వచ్చింది. గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బృందం హైదరాబాద్‌లోనే పుట్టింది, 2016లో తొలి ఈపీ తెచ్చింది. ఆయన ప్రాణం పెట్టుకున్న రెండో బాట మాత్రం ఇక్కడికి ఒక తప్పు పేరుతో వచ్చి మా గదిలో ఆగిపోయింది.

ఆ సీడీ నా దగ్గరే ఉంది. గీతలు పడి ఆరో పాట దగ్గర ఎగురుతుంది. 'డెత్ 8' సగం చెరిగిపోయింది. దాని కింద, నల్ల మార్కరుతోనే, అసలు పేరు మొత్తం రాశాను.