పేలిక, కొవ్వు, తూటా: 1857 పూర్వరంగంలో ఒక కందెన కథ

1857 తిరుగుబాటు గురించిన తెలుగు రచనలలో ఒక వాక్యం దాదాపు మార్పు లేకుండా పునరావృతమవుతూ ఉంటుంది: ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలను నోటితో కొరకవలసి రావడంతో సిపాయిలు తిరగబడ్డారు. దీనికి ప్రతిగా మరొక వాక్యం కూడా ప్రచారంలో ఉంది: అదంతా వట్టి పుకారు, అసలు కారణాలు ఆర్థికమైనవి, రాజకీయమైనవి. మొదటి వాక్యం ఆధారాలు చెప్పిన దానికన్న ఎక్కువ చెబుతుంది. రెండవది తక్కువ చెబుతుంది. ఈ రెండింటి నడుమ మరుగుపడిపోయిన విషయం మరొకటి ఉంది. తుపాకికి కందెన ఎందుకు కావలసి వచ్చింది? దానిని ఎవరు ఎంపిక చేసుకునేవారు? ఆ ఎంపిక ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారింది? ఈ ప్రశ్నలను వేసుకుంటే కొవ్వు వివాదానికి కొంత వేరైన రూపం కనిపిస్తుంది.

మూతి నుంచి మందు దట్టించే తుపాకులలో రెండు రకాలు ఉండేవి. గొట్టం లోపల నునుపుగా ఉండే మస్కెట్టులో గుండు గొట్టం కన్న కొంచెం చిన్నదిగా ఉండి సులువుగా దిగిపోయేది. రైఫిలు అలా కాదు. దాని గొట్టం లోపల మెలి తిరిగిన చాళ్లు ఉంటాయి. గుండు ఆ చాళ్లను పట్టుకుని గిరగిర తిరుగుతూ బయటకు వస్తేనే గురి నిలుస్తుంది. చాళ్లను పట్టుకోవాలంటే గుండు బిగుతుగా ఉండాలి. బిగుతుగా ఉంటే మూతి నుంచి లోపలికి దిగదు. ఈ చిక్కుకు వేటగాళ్లు కనుగొన్న ఉపాయం పేలిక. చిన్న గుండ్రని బట్ట ముక్కకు కందెన పట్టించి, అందులో గుండును ఉంచి, గజంతో లోపలికి నెట్టేవారు. చాళ్లను పట్టుకునేది బట్ట. బట్టను జారనిచ్చేది కందెన.

కందెన చేసే పని ఇంతటితో తీరదు. నల్లమందు కాలినప్పుడు దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. ఆ మసి గొట్టానికి అంటుకుని, గాలిలోని చెమ్మను పీల్చి గట్టిపడుతుంది. నాలుగైదు సార్లు కాల్చిన తరువాత గుండు దిగడమే కష్టమవుతుంది. కందెన ఆ మసిని మెత్తబరచి, తరువాతి గుండుకు దారి ఇస్తుంది. అందుచేత అమెరికాలో పెన్సిల్వేనియా ప్రాంతపు పొడవాటి రైఫిళ్లను వాడిన పద్ధెనిమిదవ శతాబ్దపు వేటగాళ్లకు కందెన ఎంపిక చిన్న విషయం కాదు. ఎలుగుబంటి కొవ్వు, పశువుల కొవ్వు, తేనెమైనం, ఏదీ దొరకనప్పుడు నోటి ఉమ్మి, వీటిలో ఏది వాడాలన్నది రుతువును బట్టి, వేట తీరును బట్టి మారేది. ఉమ్మితో తడిపిన పేలిక వెంటనే కాల్చే తుపాకికి సరిపోతుంది. మందు దట్టించి గంటల తరబడి పొంచి ఉండే వేటగాడికి పనికిరాదు. తడి ఆరిపోతుంది, లేదా మందులోకి ఇంకి దానిని పాడుచేస్తుంది. మరీ పలుచని కొవ్వుతోనూ అదే ప్రమాదం. మరీ గట్టిదైతే చలికి గడ్డకట్టి గుండును ఆపుతుంది. ఈ రైఫిళ్ల మడమలో ఇత్తడి మూతతో ఒక చిన్న అర ఉండేది. పేలికలు, కందెన వంటి సామగ్రి అందులో దాచుకునేవారు. అందులో ఏముందో తెలుసుకోవడానికి వేటగాడు మరొకరిని అడగనక్కరలేదు. ఆ కొవ్వు అతడు కొట్టిన జంతువుది, లేదా అతడి ఇంటి పశువుది.

ఇదే సాంకేతికత భారతదేశానికి వచ్చేటప్పటికి సమస్య మొదట వాతావరణ సమస్యగానే అర్థమైంది. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మన చలికాలపు ఉదయాలలో సీసాలో గడ్డకట్టిన నూనె మధ్యాహ్నానికి కరగడం అందరూ చూసినదే. జంతువుల కొవ్వు 40 డిగ్రీలకు అటూ ఇటూగా మెత్తబడుతుంది. తేనెమైనానికి 60 డిగ్రీలు దాటాలి. ఉత్తర హిందూస్థానపు వేసవిలో తోలుసంచిలో ఉన్న తూటా మీద వట్టి కొవ్వు నిలవదని దీనివల్లనే తెలుస్తుంది. 1853లో ఎన్‌ఫీల్డు రైఫిలు తూటాలను ఇంగ్లండు నుంచి పంపినది ఈ పరీక్ష కోసమే. వాటిని సిపాయిల సంచులలో ఉంచి, దేశపు ఎండకు వాటి కందెన ఎలా ఉంటుందో చూశారు. ఆ సందర్భంలోనే బెంగాల్ సైన్యపు అడ్జుటెంట్ జనరల్ కర్నల్ టక్కర్ డిసెంబరు నెలలో ఒక హెచ్చరిక చేశాడు. కందెనలో కులాచారానికి విరుద్ధమైనది ఏదీ లేదని నిశ్చయంగా తెలిసేవరకు వాటిని దేశీయ పటాలాలకు ఇవ్వరాదని ఆయన అభిప్రాయం. ఆ మాట ఫలించలేదు. ఉష్ణోగ్రతను పరీక్షించినవారు విశ్వాసాన్ని పరీక్షించవలసిన అవసరాన్ని గుర్తించలేదు.

ఇక్కడ సాధారణంగా విస్మరణకు గురయ్యే ఒక అంశాన్ని పరిశీలించవలసి ఉంది. ఎన్‌ఫీల్డు రావడానికి ముందే సిపాయి పటాలాలలోని రైఫిలు కంపెనీలు రెండు చాళ్ల బ్రన్స్‌విక్ రైఫిలును వాడేవి. దాని గుండుకూ కందెన పట్టిన పేలికే చుట్టేవారు. 1857 జనవరి చివరి వారంలో కలకత్తాలోని ప్రభుత్వానికి, అడ్జుటెంట్ జనరల్ కార్యాలయానికి మధ్య నడిచిన తంతివార్తలలో ఈ విషయం ప్రస్తావనకు వచ్చింది. గొర్రె కొవ్వు, మైనం కలిపిన కందెనను సిపాయిలు ఇంతకాలంగా ముట్టుకుంటూనే ఉన్నారనీ, ఇప్పుడు కొత్త ఆజ్ఞలు ఇస్తే లేని అనుమానాన్ని కల్పించినట్లవుతుందేమోననీ ఆ కార్యాలయం వారి శంక. ఈ శంకను కేవలం అధికారుల కపటంగా కొట్టివేయనక్కరలేదు. జంతువు కొవ్వు అన్నంత మాత్రాన సిపాయి వెనుకడుగు వేయలేదన్నది అందులోని ముఖ్య సాక్ష్యం. ఏ జంతువుదో తెలిసిన కొవ్వు, చేతితో పెట్టుకునే పేలిక అతడికి అభ్యంతరం కాలేదు.

ఎన్‌ఫీల్డు ఈ రెండింటినీ మార్చింది. పేలిక స్థానంలో కాగితం వచ్చింది. మందు, గుండు ఒకే కాగితపు గొట్టంలో అమరి, కర్మాగారంలోనే కందెన పూసుకుని వచ్చాయి. సిపాయి మందు ఉన్న కొసను పళ్లతో చింపి, మందును గొట్టంలో పోసి, తూటాను తలకిందులు చేసి, కందెన ఉన్న కొసను మూతిలో దించి, మిగిలిన కాగితాన్ని తీసివేయాలి. అంటే కొరికే కొస ఒకటి, కొవ్వు పూసిన కొస మరొకటి. తెలుగు రచనలలో ఈ భేదం సాధారణంగా కనిపించదు. అయితే ఈ భేదం వల్ల సిపాయి భయం నిరాధారమైపోదు. కట్టగా కట్టిన తూటాలలో, ఎండకు మెత్తబడిన కొవ్వు ఒక కొసకే పరిమితమై ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొవ్వు అంటిన వేళ్లే మరుసటి తూటాను నోటికి అందిస్తాయి.

డమ్‌డమ్ శిక్షణ కేంద్రంలో జరిగినదాన్ని కెప్టెన్ రైట్ 1857 జనవరి 22న రాసిన లేఖలో తెలియజేశాడు. తక్కువ కులంవాడిగా ఎంచబడే ఒక ఖలాసీ బ్రాహ్మణ సిపాయిని లోటాతో నీళ్లడిగితే అతడు నిరాకరించాడనీ, ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలను కొరకబోయేవాడికి ఇంకా కులమేమిటని ఖలాసీ ఎత్తిపొడిచాడనీ ఆ కథనం. చరిత్రకారులు తరచు ఈ లోటా దగ్గరే ఆగిపోతారు. ఆ తరువాత జరిగిన కవాతు ఇంతకంటె ముఖ్యమైనది. ఫిర్యాదులు ఉంటే చెప్పమన్నప్పుడు దళంలో మూడింట రెండు వంతుల మంది, దేశీయ అధికారులందరితో సహా ముందుకు వచ్చారు. వారు తుపాకిని వద్దనలేదు. కందెనను మార్చమన్నారు. మైనం, నూనె తగు పాళ్లలో కలిపి వాడితే పని నెరవేరుతుందని వినయంగా సూచించారు. ఇది మతాభ్యంతరం మాత్రమే కాదు. తుపాకి పనితనం తెలిసినవారు చేసిన సాంకేతిక ప్రతిపాదన. నూనె ఒక్కటే నిలవదు, మైనం ఒక్కటే జారదు. వారికి ఆ సంగతి తెలుసు.

ప్రభుత్వం ఈ సూచనను త్వరగానే అంగీకరించింది. జనవరి 27న ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం శిక్షణ కేంద్రాలకు కందెన లేని తూటాలనే ఇవ్వాలి. సిపాయిలు తమకు నచ్చిన మిశ్రమాన్ని తామే పూసుకోవచ్చు. కాని ఆయుధశాలల అధిపతి కర్నల్ అబ్బట్ ఇచ్చిన సమాధానంలో అసలు చిక్కు బయటపడింది. పై అధికారుల సూచన ప్రకారం తూటాలకు టాలో, తేనెమైనం కలిపి పూశారు. ఆ టాలో ఏ జంతువుదో నిర్ధారించే జాగ్రత్త ఏదీ తీసుకోలేదు. ఆంగ్లంలోని ఈ 'టాలో' అన్న మాటకు జంతువుతో నిమిత్తం లేదు. కాంట్రాక్టరు తెచ్చిన కొవ్వు ఏదైనా ఆ మాటలో ఇమిడిపోతుంది. తెలుగులో కొవ్వు అనగానే దేని కొవ్వు అన్న ప్రశ్న సహజంగా పుడుతుంది; ముందు ఒక జంతువు పేరు చేర్చనిదే మాట పూర్తికాదు. మన రచయితలు ఈ వృత్తాంతాన్ని తెలుగు చేసినప్పుడు దస్తావేజులు ఖాళీగా వదిలిన చోటును 'ఆవు', 'పంది' అన్న పేర్లతో పూరించారు. ఆవు కొవ్వు కలిసి ఉండే అవకాశం ఎంతో ఉంది. అయినా ఆ దస్తావేజులో ఉన్నది ఆ పేరు కాదు, దాన్ని తెలుసుకునే ప్రయత్నం చేయలేదన్న ఒప్పుకోలు. చరిత్రకారుడికి ఇది ఏ పేరు కన్న తక్కువ నేరం కాదు. పుకారు అనే వాదాన్నీ ఈ ఒప్పుకోలే దెబ్బతీస్తుంది. జార్జి ఫారెస్టు ప్రచురించిన ప్రభుత్వ పత్రాలను చూసిన తరువాత, సిపాయిల అభ్యంతరానికి ఆధారం ఉందని లార్డ్ రాబర్ట్స్ వంటి సేనాని కూడా తన జ్ఞాపకాలలో అంగీకరించవలసి వచ్చింది.

ఎంపిక తిరిగి సిపాయి చేతికి వచ్చిన తరువాత వివాదం ముగియవలసింది. ముగియలేదు. అంబాలా కేంద్రంలో సిపాయిలు నెయ్యి, తేనెమైనం కలిపి తామే తూటాలకు పట్టించారు. వాటిలో మలినమేదీ లేదని వారికి స్వయంగా తెలుసు. అయినా 1857 మార్చిలో అక్కడ శిక్షణ పొందుతున్న 36వ పటాలపు చిన్న అధికారులు ఇద్దరు సేనాధిపతి వెంట వచ్చిన తమ పటాలం వారిని కలుసుకోబోతే, క్రైస్తవులైపోయారంటూ అవమానించి దూరం పెట్టారు. కేంద్రంలోని సిపాయిల మొర ఇదే. తూటాలు మంచివని తమకు తెలుసు, కాని ఊళ్లో బంధువులకు, పటాలంలో తోటివారికి అది ఎలా తెలుస్తుంది? పెన్సిల్వేనియా వేటగాడికి తన తుపాకి అరలోని కొవ్వు గురించి ఎవరికీ జవాబు చెప్పుకోవలసిన పని లేదు. సిపాయికి తన శుచిని తాను ఒక్కడే నిర్ణయించుకునే హక్కు లేదు. అది పదిమంది చూపులో నిలిచేది. కందెన ఎంపిక తిరిగి వచ్చింది గాని, ఆ ఎంపికను పదిమంది నమ్మే స్థితి తిరిగి రాలేదు.

అనుమానం కందెనను దాటి కాగితానికి పాకింది. ఫిబ్రవరి 26న బరంపురంలోని 19వ పటాలం తూటాలను నిరాకరించినప్పుడు, నిగనిగలాడే ఆ కాగితంలోనే కొవ్వు కలిసిందని వారి సందేహం. తూటాలను కొరకనక్కరలేదు, చేతితో చింపవచ్చునని కవాతు పద్ధతిని మార్చినా ప్రయోజనం లేకపోయింది. మద్రాసు సైన్యం చరిత్రలో దీనికి ఒక పాత ఛాయ ఉంది. తెలుగువారు కూడా పెద్ద సంఖ్యలో చేరిన ఆ సైన్యంలో 1806 జూలై 10న వెల్లూరు కోటలో జరిగిన తిరుగుబాటుకు కారణాలలో కొత్త తలపాగా మీది తోలు తురాయి ఒకటి. అది ఏ జంతువు తోలన్నదే అప్పుడూ ప్రశ్న. యాభై ఏళ్ల తరువాత బెంగాల్ ఆయుధశాల ఆ ప్రశ్నను మరచిపోయింది.

మీరట్‌లో ఏప్రిల్ 24న 3వ అశ్విక పటాలానికి చెందిన 90 మందికి తూటాలు అందిస్తే 85 మంది తాకలేదు. వారికి ఇచ్చినవి ఎన్‌ఫీల్డు తూటాలు కావు. అంతకుముందు ఏళ్ల తరబడి వారే వాడిన పాత తూటాలు.