మధుపాత్రకు మూత

ఇటీవలి కాలమున ఢిల్లీ, ముంబయి, బెంగుళూరు వంటి మహానగరములలో స్పెయిను దేశపు పద్ధతి ననుసరించు భోజనశాలలు కొన్ని వెలసినవి. వాకిట ‘తాపాస్’ అను పేరు కనబడును. లోపల చిన్నచిన్న పింగాణీ తట్టలలో నాలుగేసి ముక్కలు వడ్డింతురు. ప్రక్కన గాజుగ్లాసులో ద్రాక్షాసవము నుంచుదురు. విస్తరి నిండ వడ్డించుటయే మర్యాదయని యెరిగిన తెలుగు కుటుంబములకు ఈ పొదుపు వడ్డన వింతగా తోచుట సహజము. వెల చూచినచో ఆ వింత యింకను పెరుగును. కాని ఆ చిన్న తట్ట వెనుక దీర్ఘచరిత్ర యొకటి కలదు. అది తెలుగుదేశపు కష్టసుఖములకు సంబంధింపనిది కాదు.

స్పానిషు భాషలో ‘తాపా’ యనగా మూత. ఈ పేరు తినుబండారమున కెట్లు వచ్చెనో చెప్పు కథలు పెక్కు. కాస్తీలు రాజ్యము నేలిన పదవ అల్ఫాన్సో జబ్బుపడినప్పుడు ఆసవముతో పాటు కొద్దికొద్దిగా ఆహారము పుచ్చుకొని కోలుకొనెననియు, అటు పిమ్మట తినుట కేమియు నీయక ఆసవము నమ్మరాదని సత్రముల వారిని శాసించెననియు ఒక కథ. ఇరువదవ శతాబ్దమున పదమూడవ అల్ఫాన్సో కాదిజ్ రేవునకు వచ్చినప్పుడు గాలికి ఇసుక రేగగా, వడ్డించువాడు రాజుగారి గ్లాసుపై పలుచని మాంసపుముక్క నొకటి మూతగా నుంచెననియు, రాజు ఆసవము త్రాగి, మూతను భుజించి, మూతతోనే మరియొక గ్లాసు తెమ్మనెననియు ఇంకొక కథ. చరిత్రకారులు వీనిని ప్రమాణముగా గైకొనరు. రొట్టెముక్కనో మాంసపుముక్కనో గ్లాసుపై నుంచి దుమ్మును, ఈగలను వారించిన సత్రపు వాడుకయే మూలమని పలువురి యభిప్రాయము. ఏది నిజమైనను, త్రాగువానికి తిండి తోడుండవలెనను భావమే ఈ కథలన్నిటిలోను నిలిచినది.

ఈ జాగ్రత్తకు అండలూసియా ప్రాంతము పేరుపొందుటకు కారణము లేకపోలేదు. కాదిజ్ ఫినీషియను వర్తకులు నెలకొల్పిన ప్రాచీనమైన రేవు. దాని చేరువనున్న హెరెజ్ పట్టణమును అరబ్బులు ‘షెరీష్’ అనిరి. ఆంగ్లేయుల నోట అదియే ‘షెర్రీ’ యయ్యెను. పై కథలోని పదవ అల్ఫాన్సో 1264లో ఆ పట్టణమును వశపరచుకొనెను. 1587లో ఆంగ్ల నావికుడు డ్రేక్ కాదిజ్ రేవును కొల్లగొట్టి 2,900 పీపాల షెర్రీని కొనిపోయెనని ప్రసిద్ధి. షెర్రీలో ద్రాక్ష నుండి కాచి తీసిన మద్యమును కలుపుదురు. కావున అది సాధారణ ద్రాక్షాసవము కంటె ఘాటైనది. అట్టి పానీయమును వట్టి కడుపుతో త్రాగుట క్షేమము కాదు. ఆలివుకాయలు, ఉప్పుచేపలు, ఆరవేసిన మాంసము గ్లాసు ప్రక్కకు చేరుటకు హేతువిదియే. గ్రనాడా పట్టణమున పానీయము కొన్నవారికి చిన్న తట్ట ఉచితముగా నిచ్చు ఆచారము నేటికిని నిలిచియున్నది.

తట్టలోని పదార్థములును దేశాంతరముల చరిత్రను చెప్పుచున్నవి. బంగాళాదుంప, టమాటో, మిరప 1492 తరువాత అమెరికా ఖండము నుండి స్పెయినునకు వచ్చినవి. పోర్చుగీసుల ద్వారా భారతదేశమునకు చేరి, కాలక్రమమున గుంటూరునకు పేరు తెచ్చిన మిరపయు ఆ ఖండపుదే. ఉత్తర స్పెయినులోని సాన్ సెబాస్టియను పట్టణమున ఆలివుకాయ, ఉప్పుచేప, ఊరవేసిన మిరపకాయ ఒకే పుల్లకు గ్రుచ్చి ‘గిల్డా’ యని పిలుతురు. 1946లో వెలువడిన అమెరికను చలనచిత్రపు నాయిక పేరది. ఆ చిత్రము వచ్చిన నాటికి స్పెయిను ప్రజలు రేషను కార్డులతో జీవించుచుండిరి. అంతర్యుద్ధము ముగిసిన 1939 మొదలు 1952 వరకు ఆ కార్డులు తప్పలేదు.

సెవీల్ నగరమున ‘ఎల్ రిన్‌కోన్‌సీయో’ అను పానశాల 1670లో ఏర్పడి నేటికిని నడుచుచున్నది. అచ్చట వడ్డించువాడు గిరాకీ తిన్నదానిని, త్రాగినదానిని బల్లచెక్కపైననే సుద్దముక్కతో వ్రాసి, కూడి, సొమ్ము పుచ్చుకొని తుడిచివేయును.

వెల యిచ్చి భుజించు శాలలు తెలుగుదేశమునను ప్రాచీనములే. క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూళ్ళయిల్లు వర్ణింపబడినది. ఒక్క రూకకు మేలైన అన్నము, గోధుమవంటకము, పప్పు, నేయి, పెరుగు లభించినట్లు అందు కలదు. కల్లు దుకాణముల చెంత గుగ్గిళ్ళు, తెలంగాణమున గుడాలు అమ్ముట యెరుగనివారు లేరు. ‘నంజుకొనుట’ యను తెలుగుమాట తాపాకు సమీపబంధువు. ఐనను భేద మొకటి కలదు. పూటకూళ్ళ విస్తరిలో మద్యమునకు చోటు లేదు. మద్యపు దుకాణమున విస్తరికి చోటు లేదు. అవి వేర్వేరు వాకిళ్ళు.

రెండవ వాకిట సర్కారు లెక్కల పుస్తకము ప్రవేశించెను. 1886 నాటి మదరాసు అబ్కారీ చట్టముతో మద్యము కాచుటకును, అమ్ముటకును అనుమతియు సుంకమును తప్పనిసరి యయ్యెను. భూమిశిస్తు తరువాత పేర్కొనదగిన రాబడులలో అబ్కారీ యొకటి యయ్యెను. దుకాణపు హక్కును వేలములో పాడుకొన్నవాడు సొమ్ము రాబట్టుకొనవలెనన్న, త్రాగువాడు మరికొంత త్రాగవలెను. వాడు తినినదీ లేనిదీ పాటదారునకు పట్టదు.

రాజాజీ మంత్రివర్గము 1937 అక్టోబరులో సేలము జిల్లాలో మద్యనిషేధము నారంభించి, పిమ్మట చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. కోల్పోయిన రాబడిని పూరించుటకు 1939లో అమ్మకపు పన్ను విధింపవలసివచ్చెను. 1954 నవంబరులో ఆంధ్రరాష్ట్రమున ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము మద్యనిషేధ వ్యవహారముపైననే శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. రాజ్యాంగపు 47వ అధికరణము మద్యనిషేధమును ఆదేశసూత్రములలో చేర్చినను, ఖజానాకు వచ్చు ఆదాయమును విడుచుట పెక్కు రాష్ట్రములకు సాధ్యము కాలేదు.

అట్టి స్థితిలో ఆ పాత్రకు మూత వేయబూనినవారు పల్లెటూరి స్త్రీలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు పోవుచుండిన స్త్రీలు 1992 నాటికి సారా దుకాణముపై కత్తిగట్టిరి. మగవారి కూలిడబ్బు పొయ్యి దాక రాక సారాకొట్టు వద్దనే ఆగిపోవుట వారు ప్రతిదినము చూచుచుండిరి. రోశమ్మ మొదలగువారు ముందు నడువగా ఊరిదుకాణము మూతపడెను. ఆ వార్త పల్లెపల్లెకు ప్రాకి, జిల్లాలో సారా వేలములు మరల మరల వాయిదాపడెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధము నమలుపరచెను. 1997లో సారా తప్ప తక్కిన మద్యములకు అది సడలింపబడెను.

ఈ చరిత్ర తెలిసి నేటి తాపాస్ శాలలో కూర్చున్నవారికి, చివర వచ్చు బిల్లు కూడ చదువదగిన పత్రమే. 2017 నుండి వంటకములపై జి.ఎస్.టి. విధింపబడుచున్నది, మద్యము దాని పరిధిలో లేదు, దానిపై రాష్ట్రముల పన్నులే చెల్లును. సెవీల్‌లో ఒకే చెక్కపై సుద్దతో కూడబడు తట్టయు గ్లాసును ఇచ్చట రెండు పద్దులుగా విడిపోవుచున్నవి. తట్టల పద్దు చిన్నదై గ్లాసుల పద్దు పెరిగినచో, వాకిట ఏ పేరు వ్రాసియున్నను లోపల నున్నది పాత దుకాణమే. గ్లాసునకు హద్దుగా నుండుటకే ఆ చిన్న తట్ట పుట్టినది. ఇంటిల్లిపాదియు కూర్చుండి, కబుర్లాడుచు, పంచుకొని తినుటకు వీలైన చోటనే ఆ మూత తన పని తాను చేయును.