భార్య పేరున పీపీఎఫ్: ఇంతకీ ఆ డబ్బు ఎవరిది?

జనవరి వచ్చిందంటే మన ఆఫీసుల్లో ఒకటే హడావిడి, ప్రూఫులు ఇచ్చావా లేదా అని. పాత పద్ధతిలో పన్ను కట్టే చాలామందికి అప్పుడు గుర్తొస్తుంది, ఆవిడ పేరున పీపీఎఫ్ ఖాతా ఒకటుందని. అందులో వేసినా 80సీ మినహాయింపు మనకే కదా! నేనూ ఆ బాపతే. ఈ వెసులుబాటు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని తవ్వితే నూటయాభై ఏళ్ళ కథ బయటపడింది.

1874లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం వచ్చింది. భర్త తన మీద తీసుకున్న ఇన్సూరెన్సు పాలసీని భార్యాపిల్లల కోసమని రాస్తే ఆ సొమ్ము వాళ్ళ కోసం ట్రస్టుగా ఉంటుంది, భర్తకి అప్పులిచ్చినవాళ్ళు మామూలుగా ముట్టుకోడానికి లేదు. ఇది హిందువులకి వర్తిస్తుందా అన్న గొడవ చాన్నాళ్ళు నడిచింది. చివరికి 1923లో సవరించి వర్తిస్తుందన్నారు. మద్రాసులో 1913 డిసెంబరు 31 తర్వాతి పాలసీలకి, మిగతాచోట్ల 1923 ఏప్రిల్ 1 తర్వాతి వాటికి. మా పాణ్యం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో కర్నూలు జిల్లా. అంటే కాగితం మీదైనా సరే, మా ఊరి ఇల్లాలు బొంబాయి ఇల్లాలి కంటే తొమ్మిదేళ్ళు ముందన్నమాట!

పన్నులవాళ్ళు మాత్రం దీన్ని ఇంకోలా చూశారు. భార్యని పేరుకి వ్యాపారంలో భాగస్తురాలిని చేసి పన్ను తగ్గించుకుంటున్నారని, 1937లో ఆదాయపు పన్ను చట్టంలో 16(3) చేర్చారు. భర్త ఊరికే ఇచ్చిన ఆస్తి మీద భార్యకొచ్చే ఆదాయం కూడా భర్త లెక్కలోకే వస్తుంది. 1961లో బాలాజీ కేసులో సుప్రీంకోర్టు ఇది చెల్లుతుందంది. అదే తర్వాత సెక్షన్ 64 అయింది.

ఒక చట్టానికి భార్య వేరే మనిషి, ఇంకో చట్టానికి భర్త నీడ. ఈ రెండిటి మధ్య సందులో ఉంది మన పీపీఎఫ్. 1968లో పెట్టారు దీన్ని. ఉద్యోగం లేకపోయినా ఎవరైనా తెరవచ్చు. భార్య ఖాతాలో వేస్తే మినహాయింపు భర్తకి, ఖాతా ఆవిడది. వడ్డీకి పన్నే లేదు కాబట్టి భర్త లెక్కలో కలిపినా పెరిగేది సున్నా. (గడువు తీరాక అసలు తీసి ఆవిడ పేరున ఫిక్సెడ్ డిపాజిట్ వేస్తే మాత్రం ఆ వడ్డీ భర్త లెక్కలోకే. చాలామంది మర్చిపోతారు.) పిల్లల ఖాతాలకీ మినహాయింపు ఉంది, అమ్మానాన్నల ఖాతాలకి లేదు.

2023-24 నుంచి కొత్త పన్ను పద్ధతే డిఫాల్టు. అందులో 80సీ లేదు. "ఇంక మా ఆవిడ ఖాతాలో ఎందుకు వెయ్యడం? ఏడాదికి 500 వేసి బతికిస్తే చాలు" అన్నాడొక మిత్రుడు. లెక్క ప్రకారం తప్పేం లేదు. కానీ నాకెందుకో చివుక్కుమంది.

మా నాన్నకి పీఎఫ్ ఉండేది. అమ్మ అంతకంటే ఎక్కువ గంటలే పనిచేసింది. రిటైరయ్యాక నాన్న చేతికి చెక్కొచ్చింది, అమ్మకి ఏ ఫండూ లేదు. మన ఇళ్ళలో ఉద్యోగం మానేసి పిల్లల్ని చూసుకుంటున్న ఆడవాళ్ళ సంగతీ ఇంతే. వాళ్ళ పేరున ఏటా పడిన ఆ లక్షో లక్షన్నరో, మనం పన్ను కోసం వేసినా, వాళ్ళకున్న ఒకే ఒక్క పీఎఫ్ అయింది. ప్రభుత్వం మనకి రాయితీ ఇచ్చి వాళ్ళకి పొదుపు చేయించింది. ఇప్పుడు రాయితీ పోయింది. వాళ్ళ పని పోలేదు కదా?

నేను ఈ ఏడు కూడా పూర్తిగా వేశాను. పాసుబుక్కు కూడా నా ఫైల్లోంచి తీసి ఆవిడకే ఇచ్చేశాను. ఖాతా తెరిచిన ఇన్నేళ్ళకి మొదటిసారి!