బీమా, నష్టభయ నిర్వహణ విద్య (భారతదేశం)

బీమా, నష్టభయ నిర్వహణ విద్య అనేది మరణం, అనారోగ్యం, ప్రమాదం, ఆస్తినష్టం వల్ల కలిగే ఆర్థిక భారాన్ని ముందుగా అంచనా వేసి, దాన్ని తట్టుకునే మార్గాలను బోధించే అధ్యయన రంగం. ఆర్థిక ప్రణాళికలో ఇది కీలక విభాగం.

ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా 1955లో ముంబైలో ఏర్పడింది. ఇది లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలోషిప్ అనే మూడు అంచెల్లో వృత్తి పరీక్షలు నిర్వహిస్తుంది. 1980లో ఏర్పడిన నేషనల్ ఇన్సూరెన్స్ అకాడమీ పుణెలో ఉంది. 2002లో బీమా నియంత్రణ సంస్థ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి హైదరాబాద్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్సూరెన్స్ అండ్ రిస్క్ మేనేజ్‌మెంట్‌ను స్థాపించాయి.

నష్టభయాన్ని తప్పించుకోవడం, తగ్గించుకోవడం, స్వయంగా భరించడం, బీమా ద్వారా బదలాయించడం అనే నాలుగు పద్ధతులు పాఠ్యాంశాలకు పునాది. బీమా మొత్తాన్ని లెక్కగట్టడం మరో ముఖ్యాంశం. ఉదాహరణకు, సంపాదనపరుడు మరణిస్తే ఏటా 5 లక్షల రూపాయలు అవసరమయ్యే కుటుంబానికి, 5 శాతం రాబడిపై కోటి రూపాయల నిధి కావాలి. 20 లక్షల పొదుపు ఉంటే, మిగిలిన 80 లక్షలకు బీమా అవసరం. ధరల పెరుగుదల, అప్పులు, పిల్లల చదువు ఈ లెక్కను మారుస్తాయి.

పాలసీని పొదుపు పథకంగా కాక కుటుంబ రక్షణగా చూసే అవగాహనకు ఈ విద్య ఆధారం.