దారుధనుస్సు – తైలసంస్కారము

మన విశ్వబ్రాహ్మణ కులమున దారుకర్మ మయబ్రహ్మ సంతతివారి వృత్తి యని పెద్దలు చెప్పుదురు. రథములను గూర్చియు, వీణలను గూర్చియు ఇట్టి సంచికలలో పలువురు వ్రాయుదురు. మేము కొయ్యవింటిని గూర్చియు, దానికి పట్టించు నూనెను గూర్చియు నాలుగు మాటలు విన్నవింప దలచితిమి. విషయము స్వల్పముగ దోచినను, అందు మన కులమునకు సంబంధించిన యొక పెద్ద లోపము దాగియున్నది.

సంస్కృతమున వింటికి గల పేళ్లలో కార్ముక మొకటి. కృముక మను వృక్షము పేరినుండి యీ శబ్దము పుట్టినది. శబ్దము చెట్టును స్మరించినది. చెక్కిన వడ్రంగిని స్మరింపలేదు. 1909లో మైసూరున శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణ మున్నది. తాటికొయ్య, వెదురు, దారువు, కొమ్ము అను నాలుగింటితో విండ్లు చేయుదురని అందు గలదు. ఆయుధములను తరచుగ స్థలము మార్చి యెండకును గాలికిని పెట్టవలెననియు, వేడిమిచేతను, చెమ్మచేతను, పురుగుచేతను చెడునట్టివానిని వేఱువిధముగ నుంచవలెననియు విధింపబడినది. రోగము లిట్లు పేర్కొనబడెను గాని, కొయ్యను నునుపు చేసి నూనె పట్టించు చికిత్స యచ్చట కానరాదు. అది కొట్టమున తండ్రి కొడుకునకు చేతితో చూపెడి పనియగుటచే గ్రంథమున కెక్కలేదని మా యూహ.

ఈ చికిత్స యేల కావలసెను? కొయ్య గాలిలోని చెమ్మను పీల్చును, విడుచును. చెమ్మ పీల్చిన విల్లు మెత్తబడి, నారి దింపిన పిదపను వంపు విడువక బలము గోల్పోవును. మిక్కిలి యెండిన విల్లు లాగునప్పుడు విరుగును. కావున నునుపుపూత వింటికి అలంకారమాత్రము గాదు, ఆయుర్దాయము.

ఈ సంగతి పరదేశమున గ్రంథస్థమైన తీరు తెలిసికొనదగినది. ఆంగ్లదేశమున 1545వ సంవత్సరము జూలై 19వ తేదీన మేరీ రోజ్ అను రాజనౌక మునిగెను. 1982లో ఆ నౌక పైకి తీయబడినది. అందలి సామగ్రిలో యూ అను చెట్టుకొయ్యతో చేసిన విండ్లు 100కు మించి దొరకినవి. నౌక మునిగిన యేటనే కేంబ్రిడ్జిలో గ్రీకుభాష చెప్పుచుండిన రోజర్ ఆస్కమ్ అను పండితుడు టాక్సోఫిలస్ అను విలువిద్యాగ్రంథమును ప్రకటించెను. క్రొత్తవింటిని మైనము పట్టించిన గుడ్డతో ప్రతిదినమును మెఱయువఱకు రుద్దవలెననియు, అట్లు చేసినచో పైన గట్టి పెచ్చువంటిది యేర్పడి తడి చొరకుండుననియు ఆయన వ్రాసెను. లాటినులో వ్రాసిన గౌరవ మధికమని యెఱిగియు, తన దేశీయుల కొఱకు దేశభాషలోనే వ్రాసెను. ఎనిమిదవ హెన్రీ రాజు మెచ్చి యేటికి 10 పౌండ్ల భృతి నొసగెను.

నేటికిని చేతితో కొయ్యవిండ్లు చేయువారు అవిసెనూనె వాడుచున్నారు. పద్ధతి యిది. చిత్రికయు, ఆకురాయియు విడిచిన గీట్లు పోవువఱకు గీకి, గరుకైన ఉప్పుకాగితముతో మొదలిడి సన్ననిదానితో ముగింపవలెను. తడిగుడ్డతో తుడువగా అణగియున్న పీచు పైకి లేచును. ఆరిన పిదప దానిని మరల రుద్దివేయవలెను. అటుపై నూనెను పలుచగ పట్టించి, పావుగంట యాగి, కొయ్య త్రాగక మిగిలినదానిని పూర్తిగ తుడువవలెను. ఈ తుడుచుటయందే నేర్పున్నది. తుడువని నూనె జిగటయై ధూళిని పట్టును. ఒక దినమైన ఆరనిచ్చి మరల పూయవలెను. ఇట్లు నాలుగైదు పూతలు కావలెను. అవిసెనూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడును. కొబ్బరినూనె కాగుణము లేదు. ఆ కలయికలో వేడి పుట్టుటచే, కుప్పగ పడవేసిన నూనెగుడ్డలు తమంతట తామే యంటుకొనవచ్చును. వానిని విప్పి ఆరవేయవలెను, లేదా నీట ముంచవలెను. ఇంత చేసినను నూనెపూత గాలిలోని చెమ్మను పూర్తిగ ఆపజాలదు. కావున అప్పుడప్పుడు మరల పూయుచుండవలెను.

విలువిద్య మన నాట నశింపలేదు. 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో విజయవాడ యువతి వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణపతకములు గెలిచినది. అయితే ఆ పోటీల విండ్లు కప్పీలు గల యంత్రపు విండ్లు. కొయ్యవిల్లు తెలిసిన చేతులు తగ్గుచున్నవి.

ఆస్కమ్ విండ్లు చేసి జీవించినవాడు కాడు, మావలె బోధకుడు. ఐనను ఆయన వ్రాసిన కొలది పంక్తులవలన నాటి గుడ్డ, మైనము, రుద్దెడి చేయి నేటికిని మనకు కనబడుచున్నవి. మేము బడిలో ధాతువులను, విభక్తులను ఏండ్లతరబడి వల్లె వేయించితిమి. మా యింటి కొట్టమున పెద్దలు నూనెగుడ్డ నెట్లు మడిచిరో, ఏ గుఱుతు చూచి పూత చాలుననిరో, ఒక్క పంక్తియైన వ్రాసికొనమైతిమి. వారిప్పుడు లేరు. మన కులమున నేర్పునకు కొదువలేదు; కొదువ వ్రాతకు.

కావున సంఘపోషకులకు మా విన్నప మొక్కటి. ప్రతిగ్రామమునను వృద్ధశిల్పుల చెంత చదువుకొన్న పిల్లలను కూర్చుండబెట్టి, పనిముట్ల పేళ్లను, పూతల పాళ్లను, వారు పలికిన మాటలలోనే వ్రాయింపుడు. రాబోవు సంచికలలో వానికి చోటిండు. మేము చేయని పని మీరు చేయుదురుగాక.

శుభమస్తు.